పొద్దున్నే పదిహేడు చేతులు

మా షిఫ్టు పొద్దున ఆరింటికి. తూర్పు జర్మనీలో కెమ్నిట్స్ ఊరి బయట, కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీ. చేరిన మొదటి రోజు ఆరుకు ఐదు నిమిషాల ముందే లోపలికి పోయి, బ్యాగు లాకర్లో పడేసి, "మోర్గెన్" (గుడ్ మార్నింగ్) అని గాల్లోకి ఒక కేక వేసి కంప్యూటర్ ముందు కూర్చున్నా. హైదరాబాద్‌లో ఎనిమిదేళ్లు అట్లనే చేశాను. ఎవరూ తప్పు పట్టలేదు. కాకపోతే మధ్యాహ్నం దాకా నాతో ఎవరూ మాట్లాడలేదు కూడా.

మర్నాడు టీమ్ లీడర్ పక్కకు పిలిచి, "ఇక్కడ లోపలికి వచ్చినవాళ్లు అందరికీ చెయ్యి ఇస్తారు" అన్నాడు. అందరికీ అంటే? "అందరికీ." లెక్కపెడితే పదిహేడు మంది. మెషిన్ల మధ్య తిరిగి పూర్తి చేసేసరికి ఆరున్నర అయ్యేట్టుందని లోపల గొణుక్కున్నా. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

దానికీ ఓ పద్ధతి ఉంది. కళ్లలోకి చూడాలి, గట్టిగా పట్టుకోవాలి, ఒక్కసారి ఊపి వదిలెయ్యాలి. ఎడమ చెయ్యి జేబులో ఉండకూడదు. మనవాళ్లకు ప్రేమ పొంగితే పట్టుకున్న చెయ్యి వదలకుండానే పిల్లల చదువుల దాకా అడిగేస్తారు కదా, ఇక్కడ అది కుదరదు. వాళ్ల పట్టుముందు నా చెయ్యి నాకే ఉడకబెట్టిన బెండకాయలా అనిపించింది. మీటింగుకు ఆలస్యంగా వస్తే మాత్రం బల్ల మీద వేలి కణుపులతో రెండుసార్లు టకటకమని కొట్టి కూర్చోవచ్చు. అందరికీ చెయ్యిచ్చినట్టే లెక్క.

మూడోరోజో నాలుగోరోజో మెయింటెనెన్స్ ఫిట్టర్ దగ్గరికి వెళ్లా. అరవైకి దగ్గర పడ్డ మనిషి, గేర్‌బాక్స్ విప్పుకొని కూర్చున్నాడు, మోచేతి దాకా గ్రీజు. నేను చెయ్యి చాపితే పిడికిలి లోపలికి మడిచి మణికట్టు ముందుకు పెట్టాడు. ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డా. పక్కనున్న అప్రెంటిస్ కుర్రాడు ఆ మణికట్టు పట్టుకుని ఊపి చూపించాడు. చెయ్యి మురికిగా ఉందని పలకరింపు ఎగ్గొట్టరన్నమాట, మురికి లేనిచోట పట్టుకుంటారు. ప్లాంట్ మేనేజర్ వచ్చినా అంతే. ఇస్త్రీ చొక్కాతో వంగి ఆయన మణికట్టు పట్టుకునేవాడు.

పశ్చిమం నుంచి వచ్చిన ఒక డిజైనర్, తమ వైపు ఇంత లేదని నాతోపాటే వింతపడింది. ఈ తూర్పు వైపు చేతులు కలపడానికి ఓ పాత కథ ఉంది. 1946లో రెండు వామపక్ష పార్టీలను ఒక్కటి చేసినప్పుడు ఇద్దరు నాయకులు వేదిక మీద చేతులు కలిపారట. తర్వాత నలభై ఏళ్లకు పైగా తూర్పు జర్మనీని ఏలిన పార్టీకి ఆ కలిసిన చేతులే గుర్తు. దాని గురించి ఫిట్టర్‌ని అడిగితే, "ఆ పార్టీ బిళ్ల మీది చేతులకు ఎప్పుడూ గ్రీజు అంటలేదు" అని మళ్లీ గేర్‌బాక్స్‌లో తల పెట్టాడు.

ఈ దేశంలో చేతికి ఎంత బరువుందో కోర్టు దాకా వెళ్లిన ఒక కేసు చూస్తే తెలిసింది. లెబనాన్ నుంచి వచ్చిన డాక్టరు ఒకాయన పౌరసత్వ పరీక్షలో పూర్తి మార్కులు తెచ్చుకున్నాడు. 2015లో పత్రం ఇవ్వబోతూ మహిళా అధికారి చెయ్యి చాపితే ఈయన ఇవ్వలేదు. పత్రం ఆగిపోయింది. 2020లో బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్ర కోర్టు కూడా అధికారులనే సమర్థించింది. ఆడవాళ్లకు చెయ్యివ్వననడం నాకూ నచ్చదు. అయినా దానికి పౌరసత్వం ఆపడమంటే, దరఖాస్తు ఇంట్లో పెట్టుకుని ఉన్నవాణ్ణి కదా, గుండె కొంచెం జారింది.

ఆ ఏడాదే మార్చి 2న బెర్లిన్‌లో అప్పటి ఛాన్సలర్ మెర్కెల్ చాపిన చెయ్యిని, కరోనా భయంతో ఆమె హోంమంత్రి సీహోఫర్ అందుకోలేదు. ఆమె నవ్వి చేతులు పైకెత్తేసింది. మా క్యాంటీన్లో ఆ వీడియో చూసి పడీపడీ నవ్వారు. రెండు వారాలకు క్యాంటీనే మూసేశారు. "మీ నమస్తే నేర్పు" అని అడిగితే పదిహేడు మందికీ నేర్పించా. మన నమస్కారమే గొప్పదని వాట్సాప్‌లో మావాళ్లు తెగ పంపుతున్న రోజులవి, నేనూ రెండు ఫార్వర్డ్ చేశా.

తర్వాత మా తాత గుర్తొచ్చాడు. పెబ్బేరు సంతకు ఎడ్లు కొనడానికి నన్ను వెంట తీసుకుపోయేవాడు. దళారితో బేరమంతా తువ్వాలు కిందనే. రెండు చేతులూ గుడ్డ కిందికి పోయేవి, వేళ్లు నొక్కుకుంటూ అంకెలు చెప్పుకునేవాళ్లు, పైన మొహాల్లో ఏమీ కనబడేది కాదు. దళారి ఎవరని తాత ఎన్నడూ అడగలేదు. అదే తాత, ఊళ్లో కొందరు మంచినీళ్లు అడిగితే చెంబు పైకెత్తి వాళ్ల దోసిట్లో పోసేవాడు. వాళ్లు ఆయనకు దండం పెట్టేవాళ్లు, ఆయనా పెట్టేవాడు. దండం ఎంత దూరం నుంచైనా చెల్లుతుంది.

పోయిన సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు మా ఇంట్లో జీతమున్న పెద్దమనిషి పొలం గట్టు మీద ఎదురుపడ్డాడు. మా నాన్నకంటే పెద్దవాడు, చిన్నప్పుడు నేను పేరు పెట్టే పిలిచేవాణ్ణి. "ఎప్పుడొచ్చిన్రు పటేలా?" అన్నాడు. అలవాటుకొద్దీ చెయ్యి చాపా. ఆయన చేతులకు బురద. తువ్వాలుకు తుడుచుకున్నాడు. నా చెయ్యి అట్లనే ఉంది. మా ఇంటి వైపు ఒకసారి చూసి మళ్లీ తుడుచుకున్నాడు.

తర్వాత దండం పెట్టాడు.