వాహనాల డిమాండ్ ప్రశ్న: 2018–20 మందగమనం పట్టు దొరికితే చాలు

గ్రూప్-1 మెయిన్స్ ఎకానమీలో వాహనాల డిమాండ్ మీద అడిగితే చాలామంది ‘ఆదాయం పెరిగితే కొనుగోళ్లు పెరుగుతాయి’ అని మొదలుపెట్టి అక్కడక్కడే తిరుగుతారు. అలా కాకుండా వాహనాల అమ్మకాల్లో 2018–20 మందగమనాన్ని తీసుకుని, ఏ కారణం ఏ బండికి తగిలిందో విడదీసి నోట్స్ రాసుకోండి.

2018 జులైలో యాక్సిల్ లోడ్ (లారీ ఇరుసు మీద పడే బరువు) పరిమితి పెంచారు. ఉన్న లారీలే ఎక్కువ సరుకు మోయగలిగితే కొత్త లారీ ఎవరికి కావాలి? సెప్టెంబరు 1 నుంచి కొత్త టూవీలర్‌కి 5 ఏళ్లు, కారుకి 3 ఏళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టాల్సి వచ్చింది. ఆ భారం చిన్న బైకు కొనేవాళ్లకే ఎక్కువ. అదే నెల ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే ఫైనాన్స్ సంస్థ బాకీలు కట్టలేకపోయిన దెబ్బకి ఎన్‌బీఎఫ్‌సీలు (బ్యాంకులు కాని ఫైనాన్స్ సంస్థలు) అప్పులు బిగించాయి. దానికి తోడు 2020 ఏప్రిల్ 1 గడువుతో బీఎస్-6 పొగ ప్రమాణాలు. బీఎస్-4 నుంచి నేరుగా, బీఎస్-5 లేకుండానే.

మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే: బండి ధర మారితే డిమాండ్ రేఖ మీదే కదలిక. పెట్రోలు ధర, వడ్డీ, బస్సు సౌకర్యం మారితే రేఖే పక్కకు జరుగుతుంది. తెలంగాణలో మహిళలకిచ్చే మహాలక్ష్మి ఉచిత బస్సు ప్రత్యామ్నాయానికి మంచి ఉదాహరణే, కానీ దానివల్ల స్కూటీల అమ్మకాలు తగ్గాయని మాత్రం లెక్కలు లేకుండా రాయకండి.

ఈవీల (ఎలక్ట్రిక్ వాహనాల) మీద పథకాల జాబితా బట్టీ పట్టేకంటే ఒక్క లెక్క వేసి చూపించండి. ఫ్యాక్టరీ ధర లక్ష, బ్యాటరీ 3 కిలోవాట్ అవర్ ఉన్న స్కూటర్ అనుకుందాం. 2024 మార్చిలో ముగిసిన కేంద్ర ఈవీ సబ్సిడీ పథకం ఫేమ్-2లో 2021 జూన్ సవరణ ప్రకారం కిలోవాట్ అవర్‌కి 15,000 చొప్పున 45,000 రావాల్సింది, కానీ ధరలో 40 శాతమే గరిష్ఠం కాబట్టి 40,000 వచ్చేది. 2023 జూన్ నుంచి రేటు 10,000, గరిష్ఠం 15 శాతం చేశారు. అంటే చేతికొచ్చింది 15,000. రేటు తగ్గింది మూడో వంతే, అసలు కోత పడింది పరిమితి దగ్గర. ఆ జూన్‌లో ఎలక్ట్రిక్ టూవీలర్ల అమ్మకాలు మేతో పోలిస్తే సగానికి పైగా పడిపోయాయి. రాబోయే కోత తెలిసి మేలోనే కొనేసుకోవడం కూడా అందుకు కారణం.

2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు పెట్రోలు బైకుల జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, ఈవీలది 5 శాతమే. 23 పాయింట్ల తేడా 13 అయింది. ఈ మాట రాసేవాళ్లు తక్కువ.

ఇక ఈవీ అంటే ‘కాలుష్యం సున్నా’ అని రాయొద్దు. సున్నా అయ్యేది సైలెన్సర్ దగ్గరే. మన కరెంటులో ఎక్కువ భాగం ఇంకా బొగ్గుదే.