శేషం సున్నా
చివరి 7 కిందికి దించింది మా అమ్మాయి. 4487. ఏడు 641లు... “నాన్నా, సరిగ్గా పోయింది!”

641తో భాగించింది 429,49,67,297ని. ముప్పై రెండు రెళ్లను ఒకదానితో ఒకటి గుణించి, చివర్లో ఒకటి కలిపితే వచ్చేది. మధ్యలో 26, 267 దగ్గర సున్నాలు వేయడం మర్చిపోయి, అంతా కొట్టేసి మళ్లీ మొదట్నుంచి చేసింది.

ఈ పెద్ద సంఖ్య ప్రధాన సంఖ్యేనని పదిహేడో శతాబ్దపు ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ అనే గణితవేత్త దాన్ని 641 భాగిస్తుందని పట్టుకున్నాడు. దీన్ని భాగించే ఏ సంఖ్యనైనా 64తో భాగిస్తే శేషం 1 రావాలి. అంటే వెతకాల్సినవి చాలా తక్కువ! ఫెర్మా అంతటివాడికి ఇదెలా తప్పిపోయిందో, తలుచుకుంటే బాధేస్తుంది.

భాగఫలం 6700417. అదీ ప్రధాన సంఖ్యేనన్నాను.

“మనం చూశామా?” అంది.

రేపు సాయంత్రం కూర్చుంటున్నాం. 193తో మొదలు: 64తో భాగిస్తే 1 మిగిలే మొదటి ప్రధాన సంఖ్య అదే.