పాహియంగల: పలుగురాతి ముక్కల్లో తొలి శ్రీలంక

శ్రీలంక నైరుతిలో ఆదిమానవుల ఆనవాళ్లు దొరికిన పాహియంగల గుహకు వెళ్లాలనుకుంటే ముందు కొలంబో జాతీయ మ్యూజియంలో ఒక గంట గడపండి. తవ్వకాల్లో ఎలాంటివి బయటపడతాయో అక్కడ కళ్లకు పడితే గానీ గుహలో ఏం జరిగిందో అర్థం కాదు. మేము ఆ వరుసలోనే వెళ్లాం.

కొలంబో నుంచి హొరణ, అక్కడ బస్సు మారి బులత్‌సింహల, చివరి దూరానికి ఆటో. రబ్బరు తోటలు దాటాక మెట్లు. ఇది గుడి ఆవరణ కూడా కాబట్టి భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. చెప్పులు, టోపీ తీసేయాలి. మే నుంచి సెప్టెంబరు దాకా ఈ నైరుతి భాగంలో వానలు గట్టిగా పడతాయి, నాచు పట్టిన మెట్లు జారతాయి. జలగలుంటాయి; పట్టినదాన్ని అంచు కింద గోరు జరిపి మెల్లగా విడదీయాలి, తీశాక కూడా రక్తం ఓ పట్టాన ఆగదు.

పైకి చేరాక కనిపించేది లోతైన సొరంగం కాదు, బండ కింద పరుచుకున్న భారీ చూరు. లోపల శయన బుద్ధుడు. చైనా యాత్రికుడు ఫాహియాన్ ఇక్కడ బస చేశాడని స్థానికుల నమ్మకం, పేరు కూడా అలాగే వచ్చింది. ఆయన శ్రీలంకలో రెండేళ్లు ఉన్నది నిజమే గానీ, ఈ గుహలో ఉన్నాడనడానికి పురావస్తు ఆధారం లేదు.

ఆధారం ఉన్నదల్లా అంతకు ఎంతో ముందటి మనుషులకే. పురావస్తు పరిశోధకులు సిరాన్ దెరణియగల 1968లో, విజయపాల 1986లో ఇక్కడ తవ్వారు. వానల అడవిలో ఆమ్లం ఎక్కువున్న తడి మట్టి ఎముకల్ని తినేస్తుంది. చూరు కింద నేల పొడిగా ఉంటుంది, పొయ్యిల బూడిద ఆమ్లాన్ని విరుస్తుంది. అందుకే ఎముకలు నిలిచాయి. ఇక్కడ దొరికిన మనిషి ఎముకల్లో పాతవి సుమారు 38,000 ఏళ్లవి, పనిముట్లు సుమారు 48,000 ఏళ్ల దాకా వెళ్తాయి.

ఆ పనిముట్లు మహా అయితే బొటనవేలంత. ముడిసరుకు మన పలుగురాయే (క్వార్ట్జ్). చిన్న గులకను దాగలి లాంటి రాయి మీద నిలబెట్టి పైనుంచి సుత్తిరాయితో కొడితే రెండు కొసల నుంచీ పెచ్చులు లేస్తాయి. పలుగురాయి చెప్పిన చోట పగలదు, లోపలి పగుళ్ల వెంట ముక్కలవుతుంది. కాబట్టి పనికొచ్చేవి కొన్నే, మిగతాదంతా వ్యర్థమే. దారిలో మెరిసే ప్రతి పెచ్చునూ పనిముట్టు అనుకోకండి. కొసలు నలిగిన గుర్తులున్నా అనుమానం అనుమానమే, ఎందుకంటే అది ఏ పొరలో దొరికిందన్నది అసలు సాక్ష్యం. జేబులో వేసుకుంటే ఆ సాక్ష్యం పోతుంది, పైగా పురావస్తువులు తీసుకెళ్లడం ఇక్కడ నేరం.

రాతి కంటే నన్ను ఎక్కువ ఆపినవి ఎముక మొనలు. కోతుల ఎముకల్ని నూరి మొనలు చేశారు, వాటితో మళ్లీ కోతుల్నే వేటాడారు. కొండముచ్చులు, కోతులు, పెద్ద ఉడతలు: అన్నీ కొమ్మల మీద తిరిగేవే. చెట్టు చిటారున ఉన్న కోతిని రాయి విసిరి కొట్టలేం. అరుగుదల గుర్తుల్ని బట్టి ఈ మొనల్లో కొన్ని బాణాలకు బిగించినవని పరిశోధకులు తేల్చారు. చంపినవి ఎక్కువగా ఎదిగిన జంతువులే. దట్టమైన అడవిలో తొలి మనుషులు బతకలేరన్న పాత అభిప్రాయానికి ఇక్కడ చోటు లేదు.

ఇక వీళ్లు ఈ దీవికి వచ్చిన దారి. భారత్, శ్రీలంకల మధ్య ఉన్న పాక్ జలసంధి లోతు తక్కువ. మంచుయుగంలో సముద్రం పదుల మీటర్లు కిందికి దిగినప్పుడు అదంతా నడిచే నేల, పడవ ప్రశ్నే లేదు. దక్షిణ తీరాన పతిరాజవెలలో 1,25,000 ఏళ్ల నాటివని లెక్కగట్టిన రాతి పనిముట్లున్నాయి గానీ, వాటిని చేసిన వాళ్ల ఎముకలు లేవు. అందుకే వాళ్లెవరో చెప్పే తొందర నాకు లేదు.

తెలుగువాళ్లు దీంతో కలిపి చూడాల్సింది నంద్యాల జిల్లా జ్వాలాపురం. జుర్రేరు లోయలో ఒక బండచూరు కింద సుమారు 35,000 ఏళ్ల నాటి నుంచి ఇలాంటి చిన్న రాతి పరికరాలే, పూసలతో సహా దొరికాయి. అక్కడ ఎండు నేల, నున్నగా చీలే చెకుముకి జాతి రాళ్లు. అందుకే అక్కడి పెచ్చులు సన్నగా, పొడుగ్గా, బ్లేడు అంచులా లేస్తాయి; పాహియంగల పెచ్చులు వాటి పక్కన మొరటుగా, పొట్టిగా కనిపిస్తాయి.