గుణదల కొండకు, ఈ కాలపు యాత్రికులుగా

మరియమాత ఉత్సవాలు జరిగే ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లోనే గుణదల వెళ్లాలా, జనం పలచబడ్డాక వెళ్లాలా అన్నది ముందు తేల్చుకోవాలి. ఉత్సవాల మూడు రోజులూ విజయవాడలో ఆ వైపు వాహనాలను దారి మళ్లిస్తారు. కొండ కింద నిలబడ్డానికే చోటు దొరకదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, చంటిపిల్లల తల్లులు అడిగితే ఉత్సవాలు అయిపోయాక ఏదైనా మామూలు వారం రమ్మనే నేను చెప్తాను. అయినా 11వ తేదీ మీద పట్టు ఎందుకో కూడా తెలియాలి. 1858లో ఆ రోజునే ఫ్రాన్సులోని లూర్దులో, కట్టెలు ఏరుకోవడానికి వెళ్లిన పద్నాలుగేళ్ల బెర్నదెత్తకు గుహలో మాత కనిపించింది. 1993 నుంచి అదే తేదీని ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగానూ పాటిస్తున్నారు. గుణదలలో అనాథ బాలల ఆశ్రమాన్ని చూసుకుంటున్న ఫాదర్ ఆర్లాటి 1924లో ఇక్కడ మాత స్వరూపాన్ని నిలిపారు. ఎక్కడో ఫ్రాన్సు కొండల్లోని భక్తి కృష్ణాతీరంలో ఇలా వేళ్లూనుకుంది. తలనీలాలు, కొబ్బరికాయలు, చీరల మొక్కుబడులు ఇక్కడి జనం తెచ్చి కలిపినవే. అసలు ఈ యాత్రే ఒక మార్పు నుంచి పుట్టింది కాబట్టి, "పాతకాలం యాత్ర ఇలా ఉండేది కాదు" అని ఎవరైనా నిట్టూరిస్తే నేను పూర్తిగా ఒప్పుకోలేను.

బయల్దేరే ముందు ఉపవాసం సంగతి చూసుకోవాలి. దివ్యసత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా పంచే అప్పం) పుచ్చుకోవాలంటే అర్ధరాత్రి నుంచి పచ్చి మంచినీళ్లయినా ముట్టకూడదని మా పెద్దవాళ్లు ఇప్పటికీ పట్టుబడతారు. అది 1953కి ముందున్న నియమం. ఆ ఏడాది నీళ్లు తాగవచ్చన్నారు. 1957లో ఉపవాసాన్ని మూడు గంటలకు, 1964లో ఒక గంటకు తగ్గించారు. ఇప్పుడు దివ్యసత్ప్రసాదం పుచ్చుకునే సమయానికి గంట ముందు నుంచి ఏమీ తినకుండా, తాగకుండా ఉంటే చాలు. నీళ్లు, మందులు ఎప్పుడైనా తీసుకోవచ్చు. వృద్ధులకు, రోగులకు, వాళ్లను కనిపెట్టుకుని ఉండేవాళ్లకు ఆ గంట నియమం కూడా లేదు. పాదయాత్రలో కళ్లు తిరిగి పడిపోయేవాళ్లలో షుగరు మాత్ర వేసుకుని ఏమీ తినకుండా నడిచినవాళ్లు ఉంటారు. చెమటలు, వణుకు, మాట తడబడడం కనిపిస్తే వెంటనే కూర్చోబెట్టి, స్పృహలో ఉంటే మూడు నాలుగు టీ చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

నడక రాత్రిపూటే మేలు. ఫిబ్రవరి కదా అనుకుంటాం గానీ మధ్యాహ్నం విజయవాడ ఎండ 30 డిగ్రీలు దాటుతుంది. ఏలూరు నుంచి దాదాపు 60 కిలోమీటర్లు. గంటకు నాలుగు కిలోమీటర్ల లెక్కన, మధ్యలో ఆగుతూ వెళ్తే రాత్రికి 20, 25 కిలోమీటర్లకు మించి పెట్టుకోకూడదు. హైవే అంచున కాకుండా, ఉన్నంతవరకు సర్వీసు రోడ్డు మీదే నడవాలి. అది లేనిచోట ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా కుడివైపు నడవాలి. ముందు మనిషి చేతిలో టార్చి, చివరి మనిషి వీపుకు ఎర్ర లైటు ఉండాలి. కొత్త చెప్పులతో బయల్దేరితే పది కిలోమీటర్లకే బొబ్బలొస్తాయి. చెమ్మ పట్టిన చర్మం పట్టీకి రాసుకోవడమే దానికి కారణం. రాసుకుంటున్న చోట మంట మొదలవగానే ఆగి ప్లాస్టరు వేసుకోవాలి, బొబ్బ తేలాక వేస్తే ఉపయోగం తక్కువ. చెప్పుల్లేకుండా వస్తామని మొక్కుకోవాలనుకునేవాళ్లు ఆ మొక్కును చివరి కిలోమీటరుకు, కొండ మెట్లకు పెట్టుకోవచ్చు. ముందే మొక్కుకుని ఉంటే విచారణ గురువుని, అంటే మీ చర్చి ఫాదరుని అడగండి, మొక్కును మరో మంచి పనిగా మార్చే మార్గం శ్రీసభలో (కతోలిక సంఘంలో) ఉంది.

జపమాల నడుస్తూ చెప్పడంలోనూ ఒక పద్ధతి ఉంది. 53 మంగళవార్త జపాలు (మరియమాతకు చెప్పేవి), ఆరు పరలోక జపాలు (తండ్రి దేవునికి చెప్పేవి). ఒకరు మొదటి సగం అంటే మిగతావాళ్లు రెండో సగం అందుకోవాలి. గుంపు పాతికమంది దాటితే వెనుకవాళ్లకు వినపడదు, జపం రెండు ముక్కలవుతుంది. అందుకని రెండు జట్లుగా విడిపోవాలి. మైకు కట్టిన బండి వెంట తెచ్చుకుంటే ఈ ఇబ్బంది ఉండదు నిజమే, కానీ కాసేపటికి పెట్టె మోగుతుంది, మనుషులు నోరు మూసుకుంటారు. నాకది నచ్చదు. గురువారం నాడు పెద్దవాళ్లకూ పిల్లలకూ లెక్క కుదరకపోవచ్చు. జపమాలలో ధ్యానించే ఘట్టాలనే దేవరహస్యాలు అంటారు. గురువారం చెప్పే అయిదు వెలుగు దేవరహస్యాలు 2002లో చేరాయి, పాతవాళ్లకు మొదటి పదిహేనే తెలుసు. కుర్రవాళ్లను ముందు చదవమంటే గొడవ తీరిపోతుంది.

ఇక ఫోన్లు. లక్షల్లో జనం చేరినచోట సిగ్నల్ మొరాయిస్తుంది, యూపీఐ చెల్లింపు మధ్యలో ఆగిపోతుంది. పది, ఇరవై, యాభై నోట్లు దగ్గర ఉంచుకోండి. బాలయేసు యెరూషలేములో తప్పిపోయిన సంగతి లూకా 2వ అధ్యాయంలో ఉంది కదా, ఈనాటికీ పిల్లలు తప్పిపోయేది సరిగ్గా అలాగే. గుంపులో ఎవరో ఒకరి దగ్గర ఉన్నాడులే అనుకుని తల్లిదండ్రులు ఒక రోజు ప్రయాణం సాగిపోయారు. అందుకే ఏ బిడ్డ బాధ్యత ఏ పెద్దమనిషిదో పేరు పెట్టి చెప్పుకోవాలి. బిడ్డ ముంజేతి మీద మార్కరుతో ఫోన్ నంబరు రాయాలి. ఫోన్ కలవకపోతే ఎక్కడ కలుసుకోవాలో కొండ ఎక్కకముందే అందరికీ ఆ చోటు చూపించాలి.

కొండ మీది సిలువ దాకా వెళ్లేవాళ్లు తెల్లవారుజామునే ఎక్కడం మంచిది, ఎండెక్కితే రాయి అరికాళ్లు కాలుస్తుంది. మెట్ల మీద కొవ్వొత్తి పెట్టొద్దు. కరిగిన మైనం చల్లారి పలచటి పొరలా పరుచుకుంటుంది, దిగేటప్పుడు మడమ దాని మీదే పడుతుంది. స్టాండులో కూడా కొవ్వొత్తులను ఆనించి గుచ్చితే పక్కదాని వేడికి వంగిపోయి, అన్నీ కలిసి ఒకే మంటగా లేస్తాయి. రెండు వేళ్ల ఎడం ఉండాలి. చోటు లేకపోతే వెలిగించకుండా అక్కడ పెట్టి వచ్చినా మొక్కు చెల్లినట్టే.

తలనీలాలు క్రైస్తవ పద్ధతేనా అని సాటి క్రైస్తవులే అడుగుతుంటారు. సంఖ్యాకాండము 6:18లో నాజీరు (దేవునికి మొక్కుకుని తనను ప్రత్యేకించుకున్నవాడు) తన తలవెంట్రుకలు గొరిగించి సమాధానబలి కింద ఉన్న నిప్పులో వేస్తాడు. అపొస్తలుల కార్యములు 18:18లో మొక్కు ఉన్నందున పౌలు కెంక్రేయ అనే ఊళ్లో తల గొరిగించుకున్న సంగతి ఉంది. ఆ ప్రశ్నకు ఈ రెండు చూపిస్తే చాలు. నాకు అంతకన్నా ముఖ్యం బ్లేడు. మీ కళ్లముందే కొత్తది విప్పమని అడగండి, మొహమాటపడొద్దు.

పాపసంకీర్తనం, అంటే గురువు ఎదుట పాపాలు ఒప్పుకోవడం, ఇంటి దగ్గర విచారణలోనే (మీ చర్చిలోనే) ముందు వారం చేసుకుని రావడం సులువు. ఉత్సవాల్లో గురువులు గంటల తరబడి కూర్చుంటారు గానీ వరుసలు పొడవు. ఫోన్లో చెప్పుకుంటే చెల్లదు, మనిషి ఎదుట మనిషి ఉండాల్సిందే. ప్రత్యక్ష ప్రసారంలో దివ్యబలిపూజ చూసినా అంతే. మంచం పట్టినవాళ్లకు, హైదరాబాదులో ఆసుపత్రి వార్డులో ఉన్నవాళ్లకు, అమెరికాలో రాత్రిపూట మేలుకుని చూసేవాళ్లకు అది నిజంగా వరమే. కాళ్లు బాగున్నవాళ్లు ఆదివారం గుడికి బదులు దాన్ని పెట్టుకుంటే మాత్రం లెక్కలోకి రాదు. ఉపవాసం గంటకు తగ్గింది బలహీనులు బల్ల దగ్గరకు రావాలని. ప్రసారం కూడా ఆ దారిలోనే సాగాలి, రాగలిగినవాళ్లను ఇంట్లో కూర్చోబెట్టడానికి కాదు.

రాలేని రోగుల పేర్లు వాట్సాప్‌లో వస్తే ఫోన్లోనే వదిలేయకుండా కాగితం మీద రాసుకోండి, కొండ మీద ఒక్కొక్క పేరే చదవండి. తిరిగొచ్చాక ఆ కాగితాన్నే విచారణ గురువుకి ఇచ్చి, ఎవరెవరికి ఇంటికి దివ్యసత్ప్రసాదం తేవాలో చెప్పండి. ఆ రోజు రోగి మంచం పక్కన చిన్న బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, సిలువ, రెండు కొవ్వొత్తులు, గ్లాసుతో నీళ్లు పెట్టాలి. ఆక్సిజన్ గొట్టం ఉంటే కొవ్వొత్తులు వెలిగించకూడదు. రోగికి మింగడం కష్టంగా ఉంటే ముందే చెప్పండి. గురువు చిన్న ముక్క ఇచ్చి చెంచాడు నీళ్లు పట్టిస్తారు.