మ, ప లేని స్వరాలు

నాకు ఎడమవైపు బెల్స్ పాల్సీ వచ్చింది, అంటే ముఖంలో ఒక పక్క కండరాలు పడిపోవడం. మూతి వంకర పోయింది, కన్ను మూతపడలేదు, పుక్కిలిస్తే నీళ్ళు పక్కనుంచి కారిపోయాయి. ఇంట్లో అందరూ పక్షవాతం అనుకుని టెన్షన్ పడ్డారు. డాక్టరుగారు ముందు కనుబొమలు పైకెత్తమన్నారు. ఎడమ నుదుటి మీద ఒక్క ముడత కూడా పడలేదు. మెదడులో స్ట్రోక్ అయితే సాధారణంగా నుదురు కదులుతుందట. నాకు మాత్రం ముఖానికి వచ్చే నరం వాచి, చెవి వెనక ఎముకలోని ఇరుకు దారిలో నలిగిందన్నారు. మొదటి 72 గంటల్లో స్టెరాయిడ్ మొదలుపెడితే పూర్తిగా కోలుకునే అవకాశం పెరుగుతుంది. ఎవరికైనా ఇలా అయితే పసర్లూ మంత్రాలూ అంటూ ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

కంట్లో చుక్కలు, రాత్రిళ్ళు రెప్ప మీద టేపు. వీటికి అలవాటు పడ్డాను. వేణువు పక్కన పెట్టడమే నా వల్ల కాలేదు. ఊదబోతే ఎడమ చెంప ఉబ్బి, గాలంతా ఆ మూలనుంచే పోయేది.

చిక్కడపల్లిలో మా ఇంటికి ఆదివారం సాయంత్రాలు నా స్నేహితుడు మృదంగం పట్టుకుని వస్తాడు. రామ్‌కోటి సంగీత కళాశాలలో చదివిన రోజులనుంచీ మాకిది అలవాటు. వినేవాళ్ళెవరూ ఉండరు. ఏ రాగం తోస్తే అది, ఎటు పోతే అటు. ఈసారి వాడు ఒక్క దెబ్బ వేయగానే నా ఎడమ చెవిలో స్టీలు పళ్ళెం పడ్డట్టయింది. పెద్ద శబ్దాల జోరు తగ్గించే చిన్న కండరం ఒకటి చెవి లోపల ఉంటుంది. దాన్ని నడిపేదీ ఆ నరమే. నా ముఖం చూసి వాడు మృదంగం సంచిలో పెట్టేసి, ఒళ్ళోకి దిండు లాక్కున్నాడు.

"స్వరాలు పాడరా."

"మ, ప పలకట్లేదురా. పెదవులు కలవడం లేదు."

"అవి లేకుండానే పాడు. నిరోష్ఠ ఉందిగా!"

హరికేశనల్లూర్ ముత్తయ్య భాగవతార్ కృతితో పేరొచ్చిన రాగం అది. శంకరాభరణంలో మధ్యమం, పంచమం తీసేస్తే మిగిలే స రి గ ద ని. అయిదింటికీ పెదవులతో పని లేదు. గాంధారం నుంచి ధైవతానికి ఒక్క గెంతులో వెళ్ళాలి, మధ్యలో నిలబడడానికి చోటుండదు. నేనలా దూకుతూ అప్పటికప్పుడు కల్పనస్వరాలు అల్లుతుంటే, వాడు దిండు మీద వేళ్ళతో ఆదితాళం నడిపాడు. నేను తిస్రంలోకి, అంటే మూడేసి లెక్కలోకి మారితే నవ్వుతూ వెంట వచ్చాడు. ఊపిరి కోసం ఆగితే ఆ ఖాళీని తను నింపలేదు, నాతో పాటే ఆగాడు. నన్ను రోగిగా చూడకుండా పాటగాడిగా చూసినవాడు ఆ రోజుల్లో వాడొక్కడే.

కొన్ని వారాలకు మ వచ్చింది. దానికి పెదవులు మెల్లగా తగిలితే చాలు. దాంతో హిందోళం పట్టుకున్నాం, అందులో పంచమం ఉండదు. ప పలకాలంటే గాలిని నోట్లో బిగబట్టి వదలాలి కాబట్టి అది ఆలస్యమైంది. ఫిజియోథెరపీలో అద్దం ముందు ఈల వేయించేవారు. ఇంటికొచ్చి అదే సాధన వేణువు మీద చేసేవాణ్ణి. మంద్రస్థాయి ముందు పలికింది. పై స్థాయికి పెదవి బిగువు ఎక్కువ కావాలి, అక్కడ గాలి ఇప్పటికీ కాస్త చీలుతుంది. అలా చీలినప్పుడు వాడు మృదంగం నాదం తగ్గించి ఆ స్వరాన్ని నిలబెడతాడు.

వచ్చే ఆదివారానికి ఖరహరప్రియ అనుకున్నాం. ఏడు స్వరాలూ ఉంటాయి.