నాయనమ్మ చూసిన రెండు యుద్ధాలు

1971 డిసెంబరులో విశాఖపట్నంలో మేము చిన్నపిల్లలం. సాయంత్రం ఐదున్నరకే పొద్దుగుంకే రోజులవి. అప్పటికల్లా వంట ముగించి, కిటికీ అద్దాలకు అంటించిన నల్లకాగితం ఎక్కడైనా ఊడిందేమోనని ఒక్కొక్కటీ తడిమి చూసి, అమ్మ మమ్మల్నందరినీ నట్టింట్లో కూర్చోబెట్టేది. వీధిలో తిరిగే వాహనాల దీపాలకు కూడా పైసగం నల్లరంగు పూసి ఉండేది. సైరన్ మోగితే, మా మాటలు విమానాలకు వినబడతాయేమోనని నోళ్లు మూసుకునేవాళ్లం.

డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ మన వైమానిక స్థావరాలపై దాడి చేయడంతో యుద్ధం మొదలైంది. విక్రాంత్ నౌకను వెతుక్కుంటూ వచ్చిన ఘాజీ జలాంతర్గామి ఆ అర్ధరాత్రి దాటాక మా రేవుకు దగ్గరలోనే పేలి మునిగిపోయింది. ఆ సంగతి మాకు కొన్నాళ్లకు గానీ తెలియలేదు. తెలిసిన రోజునే నాన్నగారు, పిల్లలను అనకాపల్లిలో మేనత్తగారింటికి పంపుదామని ప్రస్తావించారు.

నాయనమ్మ ససేమిరా అంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపై బాంబులు వేసినప్పుడు ఆవిడ చంటిబిడ్డతో ఎడ్లబండి ఎక్కి ఊరు విడిచిన మనిషి. తాతగారు ఉద్యోగం వదలలేక ఇక్కడే ఉండిపోయారు. ఆయన క్షేమంగా ఉన్నారన్న కబురు అందేవరకు తాను ముద్ద మింగలేదని ఆవిడ చెప్పేది. "బాంబు పడితే అందరం ఒక్కచోటే ఉంటాం నాయనా, తలో ఊళ్లో ఉండి కబురు కోసం ఎదురుచూడడం నావల్ల కాదు" అన్న ఆవిడ మాటకు నాన్నగారు ఎదురుచెప్పలేదు. ఆ నిర్ణయం సరైనదేనా అని ఇప్పుడు తర్కించవచ్చు గానీ, ఆవిడ పక్కన పడుకున్న ఆ రాత్రులలో నాకు భయం వేయలేదన్నది నిజం.

డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయిందని రేడియోలో విన్న మర్నాడు అమ్మ కిటికీల కాగితాలను నీళ్లతో తడిపి, గోళ్లతో గీకి తీసింది. బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థం ఉత్తరాలకు అదనంగా అంటించవలసి వచ్చిన ఐదు పైసల బిళ్ల మాత్రం 1973 మార్చి ఆఖరు దాకా కొనసాగింది. మేనత్తగారికి రాసే ప్రతి కవరు మీదా దాన్ని నాయనమ్మే స్వయంగా అంటించేది.