నిద్రపొమ్మని దేవునితో

మారతహళ్లిలో మా తెలుగు ఆరాధన జరిగేది అద్దె హాల్లో. ఒంగోలు, గుంటూరు, నెల్లూరు వైపు నుంచి ఉద్యోగాలకు బెంగళూరు వచ్చిన కుటుంబాలే ఎక్కువ. డిసెంబరు 24 రాత్రి డ్రమ్స్‌తో, కీబోర్డుతో, చప్పట్లతో హాలంతా దద్దరిల్లిపోతుంది. నాకు ఆ హుషారు కూడా ఇష్టమే. చివర్లో లైట్లు ఆర్పేస్తారు. అట్టముక్కకు గుచ్చిన కొవ్వొత్తులు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వెలుగుతూ వస్తాయి. అప్పుడు 'శుద్ధరాత్రి' మొదలవుతుంది, 'సైలెంట్ నైట్' క్రిస్మస్ పాటకు మన తెలుగు రూపం.

ఆ వెంటనే వచ్చే మాట 'సద్దణంగ'. చిన్నప్పుడు అర్థం తెలియకుండా గట్టిగా అరిచి పాడేదాన్ని. "సద్దు అణిగిందని పాడుతూ నువ్వే సద్దు చేస్తే ఎలాగమ్మా, పసిబిడ్డ లేస్తాడు" అంది అమ్మమ్మ. ఆ రోజు నుంచి ఇది నాకు జోలపాటే.

నిజానికి రాగమే ఊయల రాగం. ఆరు మాత్రల నడక, ఊపుతున్నట్టే ఉంటుంది. ఆస్ట్రియాలో జోసెఫ్ మోర్ అనే యువ పాదిరి 1816లో దీని అసలు మాటలు రాశారు. నెపోలియన్ యుద్ధాలు ముగిసి అప్పటికి ఏడాదే. 1818 క్రిస్మస్ ముందు రోజున బడిపంతులు ఫ్రాంజ్ గ్రూబర్ బాణీ కట్టారు. సాల్జ్‌బర్గ్ దగ్గర ఓబెర్న్‌డార్ఫ్ గుడిలో ఇద్దరూ గిటారుతో పాడారు. మోర్ రాసినవి ఆరు చరణాలు, మనం పాడేది మూడే. వదిలేసిన వాటిలో ఒకదాంట్లో యేసు అన్నలా లోకంలోని జనాలందరినీ కౌగిలించుకుంటాడు. యుద్ధం చూసిన మనిషి రాసిన మాట అది. ఆ చరణం వదిలేశామని నాకు బాధ.

200 ఏళ్లు దాటినా పాట పాతబడకపోవడానికి కారణం మొదటి చరణంలోనే ఉందనిపిస్తుంది. ఏడాది పొడుగునా దేవుణ్ణి ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాం. ఉద్యోగం, వీసా, అమ్మ ఆపరేషన్. ఈ చరణంలో ఏమీ అడగం. పసిబిడ్డ యేసును నిద్రపొమ్మంటాం, అంతే. "సత్రములో వారికి స్థలము లేనందున" పశువుల తొట్టిలో పడుకోబెట్టారని బైబిల్లో లూకా 2:7లో చదువుతాం. చోటు దొరకని ఆ బిడ్డకు మనం చేయగలిగింది కాసేపు గొంతు తగ్గించడం. మనల్ని కాపాడేవాడికి ఆ ఒక్క రాత్రి మనం కాపలా ఉంటాం. నాకు తెలిసిన ఆరాధనలో ఇంతకన్నా దగ్గరితనం లేదు.

పోయిన క్రిస్మస్‌కి నా ముందు వరుసలో ఓ జంట నిలబడ్డారు. మూడు నెలల పాప. నిద్ర లేక ఇద్దరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి. మైనం పాప మీద పడకుండా నాన్న కొవ్వొత్తిని చెయ్యి చాచి దూరంగా పట్టుకున్నాడు. అమ్మ పాడలేదు, పాట నడకకు పాప వీపు మీద తడుతూ నిలబడింది. రెండో చరణానికి పాప నిద్రపోయింది. వెనక వరుసల్లో మాకు అది కనబడింది. ఎవరూ చెప్పకుండానే మా గొంతులు తగ్గాయి. మూడో చరణం దాదాపు గుసగుసగానే పాడాం. లైట్లు వెయ్యబోయిన కుర్రాడు పాపను చూసి, స్విచ్ మీద చెయ్యి అలాగే ఉంచి ఆగిపోయాడు.